అంగుళంన్నర వాలు

నవంబర్ 3, సోమవారం, మధ్యాహ్నం 2

మళ్ళీ వాన. నాలుగు రోజులుగా ఆగలేదు. ఒరెగాన్ తీరంలో నవంబరంటే ఇంతేనని అందరూ చెప్పారు. నేనే చెవిన పెట్టలేదు.

మా ట్రైలర్ ఇంటి గోడలోంచి సొరుగులా బయటికి జరిగే గది, అదే స్లైడ్, దాని పై గుడ్డ మీద నీళ్ళు నిలిచాయి. సోఫాలో కూర్చుంటే సరిగ్గా నా నెత్తిమీదే. గాలి వీచినప్పుడల్లా ఆ నీళ్ళు కదిలి గుడ్డ వెళ్ళి కప్పుకి కొట్టుకుంటోంది. ధబ్. కాసేపాగి మళ్ళీ ధబ్.

పొద్దున, ట్రైలర్లు నిలిపే ఈ పార్కు మేనేజర్ వెండెల్ వచ్చాడు. గొడుగు కింద నిలబడి, వేలాడుతున్న గుడ్డని ఎగాదిగా చూసి, "ఏంటి మేవిస్ గారూ, మీ ట్రైలర్‌కి ఎనిమిదో నెలా?" అన్నాడు. నేను నవ్వలేదు. అప్పుడు అసలు సంగతి చెప్పాడు. ఇరవై ఒకటిన చలికాలం తనిఖీ ఉందట. నీళ్ళు నిలిచి గుడ్డ వేలాడినా, లోపలికి నీళ్ళు కారుతున్నా సంతకం పెట్టడట. సంతకం లేకపోతే నెలాఖరుకి ఖాళీ చెయ్యాలట.

ఖాళీ చేసి ఎక్కడికి? ఈ తీరం పొడుగునా పదేళ్ళు దాటిన ట్రైలర్‌ని ఏ పార్కు వాళ్ళూ గేటు దాటనివ్వరు. మాది పద్నాలుగేళ్ళది. ఆ రూలు లేని పార్కు ఇదొక్కటే. పదకొండేళ్ళ కిందట ఇల్లమ్మేసి మా ఆయన రాయ్స్, నేను ఇందులోకి మారిపోయాం. మార్చిలో రాయ్స్ పోయాడు. ఆగస్టులో ట్రైలర్‌ని లాగే ట్రక్కు గేర్‌బాక్స్ పోయింది. ఏటా చలికాలం అరిజోనా ఎడారికి పోయేవాళ్ళం, ఈ ఏడు ఇక్కడే చిక్కుకున్నాను.

వెళ్తూ వెళ్తూ వెండెల్, "ఒంటరి మనిషి, ఇవన్నీ మీ వల్ల అయ్యే పనులు కావండీ, ఊళ్ళో ఓ గది చూసుకోకూడదూ?" అన్నాడు.

ఇరవై ఆరేళ్ళు స్కూలు బస్సు నడిపాను. మంచులో యాభై మంది పిల్లల్ని కొండ దించాను. నా వల్ల కాదట!

నవంబర్ 4

ఇంకా వానే. ధబ్.

నవంబర్ 6, గురువారం

ఎదురు ట్రైలర్ ఆర్విల్‌కి ఎనభై ఏళ్ళు. పూర్వం అడవిలో చెట్లు కొట్టేవాడు. ఎవరికి ఏ కష్టం వచ్చినా ఆయన దగ్గర ఒక మందుంటుంది. నా గుడ్డకి మందు చీపురు కర్ర. "కింద నుంచి ఒక్క పోటు పొడువమ్మా, నీళ్ళన్నీ అంచు దాటి పోతాయి" అన్నాడు.

మెట్ల బల్ల ఎక్కి పొడిచాను. నీళ్ళు అంచు దాటిన మాట నిజమే. దాటి, నా చొక్కా చేతిలోంచి దూరి, చంకలోంచి దిగి, బూటులోకి పోయాయి. అరిచిన అరుపుకి రెండు వరుసల అవతల కుక్కలు మొరిగాయి. ఆర్విల్ తన గుమ్మంలో కాఫీ పట్టుకుని, "చెప్పడం మరిచాను, పొడిచిన వెంటనే పక్కకి తప్పుకోవాలి" అన్నాడు. ఈయన భార్య ముప్ఫై ఏళ్ళ కిందట ఎందుకు వెళ్ళిపోయిందో నాకిప్పుడు అర్థమైంది.

గంటలో గుడ్డ మళ్ళీ నిండింది.

నవంబర్ 8, శనివారం

ఊళ్ళో పిల్లలు ఆడుకునే గాలి బంతి ఒకటి కొన్నాను. ఎరుపు, పసుపు చారలు. గుడ్డకీ స్లైడ్ కప్పుకీ మధ్య దూర్చాను. గుడ్డ మధ్యలో గుడారంలా లేచింది. నీళ్ళు రెండు పక్కలా జారిపోయాయి. నేను గెలిచాను.

నవంబర్ 10

రాత్రంతా గాలి. పొద్దున వెండెల్ బంతిని చంకలో పెట్టుకొచ్చాడు. హైవే మీద దొరికిందట. ఒక లారీవాడు దాన్ని చూసి బ్రేకు తొక్కాడట. కప్పుల మీద ఆటవస్తువులు పెట్టకూడదని రూలుందట. ఏ నంబరు రూలో చూపించమన్నాను. చూపించాడు. ఉంది.

నవంబర్ 12, బుధవారం, సాయంత్రం 5

పార్కు ఓనరు, వెండెల్ కలిసి మా వరుసలోకి రావడం కిటికీలోంచి చూశాను. గుడ్డ నిండుగా ఉంది. కంగారు పుట్టింది. స్లైడ్‌ని లోపలికి లాగేస్తే గుడ్డ చుట్టుకుపోతుంది, వేలాడేదేమీ వాళ్ళకి కనబడదు అనుకున్నాను. బటన్ నొక్కి పట్టుకున్నాను.

నిండిన గుడ్డ కింద స్లైడ్‌ని ఒక్క ఊపున లాగకూడదని ట్రైలర్ కొన్న మొదటి వారంలోనే అందరూ నేర్చుకుంటారు. నేనూ నేర్చుకున్నాను. అయినా లాగాను. నీళ్ళన్నీ గోడవైపుకి తరుముకొచ్చి, స్లైడ్ పై అంచున ఉండే రబ్బరు పట్టీ సందులోంచి ఇంట్లోకి దూకాయి. సోఫా, తివాచీ, రాయ్స్ కుర్చీ, అన్నీ మునిగాయి. గుడ్డ ఒక చివర జానెడు చిరిగింది.

వాళ్ళు మా ట్రైలర్ వైపు తలైనా తిప్పకుండా వెళ్ళిపోయారు.

రాయ్స్ కుర్చీని తువ్వాళ్ళతో అద్దుతూ ఏడ్చాను. ఇక్కడ కాబట్టి రాస్తున్నాను, ఇంకెక్కడా ఒప్పుకోను. తర్వాత కోపం వచ్చింది. ఏడుపు కన్నా అదే నయం, చేతులు పనిచేస్తాయి. చిరుగుకి టేపు వేశాను.

నవంబర్ 13

నేను వెళ్ళను.

నవంబర్ 16, ఆదివారం, పొద్దున 9

ఆదివారం మట్టం చూసే రోజు. ట్రైలర్ ముందు గోడకి రాయ్స్ చిన్న రసమట్టం ఒకటి అతికించాడు. అందులోని బుడగ రెండు గీతల నడుమకి వచ్చేదాకా ట్రైలర్‌ని మోసే జాకీలు ఎత్తుతూ దించుతూ ఉండేవాడు. వెంట్రుకవాసి తేడా కూడా ఒప్పుకునేవాడు కాదు. ఏ పార్కుకి వెళ్ళినా మగాళ్ళు వచ్చి ఆ బుడగని చూసి మెచ్చుకునేవాళ్ళు. ఆయన పోయాక కూడా నేను ఒక్క ఆదివారం మానలేదు. ఇక్కడ నేల నాని, స్లైడ్ ఉన్న ఎడమ వైపు జాకీలు వారం వారం కుంగుతున్నాయి. నేను వారం వారం ఎత్తి సరిచేస్తున్నాను.

ఇవాళ కూడా బుడగ పక్కకి పోయింది. గుడ్డ మీద మాత్రం నీళ్ళు చాలా తక్కువ. వాన తగ్గిందేమో అనుకుని జాకీ ఎత్తి బుడగని నడుమకి తెచ్చాను.

పదకొండున్నర

గుడ్డ నిండింది. ధబ్.

వాన తగ్గలేదు. ఎడమ పక్క కుంగి ఉన్నంతసేపూ నీళ్ళు వాటంతట అవే జారిపోయాయి. నేను ఎత్తాను, ఆగిపోయాయి. ప్రతి ఆదివారం ఈ నేల నాకు సాయం చెయ్యబోతోంది, ప్రతి ఆదివారం నేను దాని చెయ్యి విరిచేస్తున్నాను. ఎడారిలో వాన పడదు కాబట్టి పదకొండేళ్ళూ ఈ సంగతి మా ఇద్దరికీ తెలియలేదు.

మధ్యాహ్నం 1

ఈసారి బుద్ధిగా చేశాను. స్లైడ్‌ని బెత్తెడు లోపలికి లాగి ఆగాను. కొన్ని నీళ్ళు బయటికి పోయాయి. మరో బెత్తెడు. మళ్ళీ ఆగాను. గుడ్డ ఖాళీ అయ్యాక స్లైడ్ పూర్తిగా మూసి, ఎడమ జాకీల బటన్ మీద వేలు పెట్టాను.

నొక్కలేకపోయాను. రాయ్స్ పక్కనే నిలబడి, "ఆగు మేవిస్, ఆగు, బుడగ చూడు" అంటున్నట్టే ఉంది. పదకొండేళ్ళు విన్న మాట. పైకే అన్నాను, "నువ్వు చచ్చిపోయావు రాయ్స్. ఇక్కడ ఉండాల్సింది నేను."

నొక్కాను. అంగుళంన్నర దించాను. బుడగ గీత దాటి చివరికి పోయి అక్కడే నక్కింది. స్లైడ్ తెరిచి వానలో నిలబడి చూశాను. నీళ్ళు గుడ్డ మీద ఒక్క క్షణం కూడా ఆగలేదు. అంచు పొడుగునా తెరలా జారిపోయాయి.

నవంబర్ 18

పెనంలో గుడ్డు ఒక పక్కకే పోతోంది. బాత్రూం తలుపు దానంతట అదే తెరుచుకుంటోంది. నిన్న నిద్రలో మంచం అంచుకి దొర్లాను. ఆర్విల్ కాఫీకి వచ్చి రెండడుగులు వేసి, "ఇక్కడ తాగకుండానే తూలుతున్నానేంటమ్మా" అన్నాడు. తూలమన్నాను. ఇల్లు నాది, తడవడం లేదు.

నవంబర్ 21, శుక్రవారం

వెండెల్ పది గంటలకి కాగితాల అట్టతో, చేతిలో మూరెడు రసమట్టంతో వచ్చాడు. బోరున వాన. గుడ్డ బల్లపరుపుగా బిగిసి ఉంది. ఆయన దాన్ని చూడలేదు. రసమట్టం నా గుమ్మం మీద పెట్టి, "ఇదేంటండీ, ఇంత వాలింది? మట్టం లేని ట్రైలర్‌కి సంతకం ఎలా పెడతాను?" అన్నాడు.

ఏ నంబరు రూలన్నాను. ఈసారి కాగితాల్లో వెతికాడు. ఆ చివరి నుంచి ఈ చివరికి వెతికాడు. ట్రైలర్ కదలకుండా గట్టిగా నిలబడాలని ఉంది. మట్టంగా ఉండాలని లేదు. ఎగిరి చూడమన్నాను. ఎగరలేదు. నేనే ఎగిరి చూపించాను, అరవై ఏడేళ్ళ వయసులో మూడుసార్లు. ట్రైలర్ కదల్లేదు.

"రాయ్స్ గారుంటే దీన్ని ఇలా ఉంచేవారా?" అన్నాడు. అది మాత్రం తగిలింది. ఉంచేవాడు కాదని, ఉండుంటే ఈ చలికాలం ఆయన కూడా తడిసేవాడని చెప్పాను.

తర్వాత టేపు చూశాడు. నేనేమీ దాచలేదు. నేనే చింపాను, తెరపి రాగానే కుట్టిస్తాను, ఈలోగా ఒక్క చుక్క కారినా వచ్చి చెప్పండి అన్నాను. లోపలికి రమ్మన్నాను. వచ్చి సోఫా తడిమాడు, పైన రబ్బరు సందు తడిమాడు, తివాచీ మీద అరచెయ్యి పెట్టి నొక్కాడు. అంతా పొడిగా ఉంది. కిటికీలోంచి వరుసంతా చూశాడు. ప్రతి స్లైడ్ మీదా గుడ్డ వేలాడుతోంది, ఆయన ఆఫీసు ట్రైలర్‌ది అన్నిటికన్నా కిందకి. ఆ మాట అనకుండా ఉండటానికి నేను నాలుక కరుచుకోవాల్సి వచ్చింది.

ఏప్రిల్ ఆఖరు వరకు ఉండొచ్చని రాసి సంతకం పెట్టాడు.

నవంబర్ 27, గురువారం, థాంక్స్ గివింగ్ పండగ

పొద్దున తలుపు తీశాను. మా వరుసలో ఆరు ట్రైలర్లు ఎడమకి వాలి ఉన్నాయి. వెండెల్‌ది కూడా.

రాయ్స్ చూసుంటే ఇంకోసారి చచ్చేవాడు.