ఆరో నంబరు సంచి

చిరంజీవి నాగజ్యోతికి,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమంగా ఉన్నాం, మీ యలమందయ్య మామయ్య తప్ప. వాడికీ రోగమేమీ లేదు, లేదంటే నమ్మడం లేదంతే. హైదరాబాదులో నువ్వు వేళకు తింటున్నావనే అనుకుంటున్నాను.

ఇవి ఫోనులో చెప్పే మాటలు కావు. నేను ఫోను పట్టుకుంటే చాలు, మీ నాన్న స్పీకరు పెట్టేస్తారు. అందుకే ఈ మట్టి పార్సిల్లో ఉత్తరం పెడుతున్నాను.

నీ పరిశోధనకు ముందు పంపిన మట్టి గురించి నువ్వు మూడు ప్రశ్నలు అడిగావు. మట్టి ఇనప పారతో తవ్వారా? లేదమ్మా, నువ్వు పంపిన ప్లాస్టిక్ గరిటెతోనే తీశాం. మన నల్లరేగడి దెబ్బకి అది రెండు ముక్కలైంది. చేతులకు తొడుగులు వేసుకున్నారా? మీ నాన్న వేసుకున్నారు, ఇంకా తీయలేదు. టీ కొట్టుకి కూడా వాటితోనే వెళుతున్నారు. సంచిలో ఇంకేమైనా కలిసిందా అన్న మూడో ప్రశ్నకు తర్వాత వస్తాను.

ముందు ఊరి సంగతి విను. ఆరో నంబరు సంచిలో, అంటే మీ మామయ్య మిర్చి చేను మట్టిలో, సీసం విపరీతంగా ఉందని రాశావు కదా. మీ నాన్న అది టీ కొట్టు దగ్గర పైకి చదివారు. ఇంకేముంది! మీ మామయ్య గట్టు మీది గోంగూరంతా పీకి పారేశాడు. రోజుకు నాలుగుసార్లు అద్దంలో నాలుక చూసుకుంటున్నాడు. తప్పంతా పక్కనున్న గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ నీళ్లదేనని తేల్చేసి, దాని యజమాని గౌస్ బాషా గేటు ముందు మంచం వేసుకుని కూర్చున్నాడు. ఇద్దరూ చిన్నప్పుడు ఒకే కంచంలో తిన్నవాళ్లు.

"ఏరా బాషా, నా చేలో విషం పోస్తావురా?"

"ఒరేయ్ యలమందా, నా బురదంతా నా గుంటలోనే ఉంది. కళ్లుంటే వచ్చి చూసుకో!"

వారం రోజులు ఇదే గోల. సోమవారం ట్రాక్టర్లు కట్టుకుని కలెక్టరాఫీసుకు పోదామని మీ మామయ్య ఊరంతా చెప్పాడు. బాషా భార్య జానీబీ మనింటికొచ్చి ఏడ్చింది. "యూనిట్ మూయిస్తే మేమెట్టా బతకాలక్కా?" అంది.

ఇక మూడో ప్రశ్న. తిట్టకుండా చదువు. ఆరో సంచి మూతి కట్టింది నేను. ఆ రోజు మంగళవారం. ఆంజనేయస్వామి గుడి నుంచి అప్పుడే వచ్చాను, కొంగున సిందూరం పొట్లం ఉంది. బిడ్డ పెద్ద చదువు తాలూకు పని, బొట్టు లేకుండా ఎలా పంపను? సంచి మీద పెడితే నువ్వు తిడతావని, చిటికెడు లోపల వేసి కనబడకుండా కలిపేశాను. సీసం పాత రంగుల్లో, బ్యాటరీల్లో, కొన్ని సిందూరాల్లో ఉంటుందని నీ ఉత్తరం చివర చదివాక గానీ నేను చేసిన పనేమిటో నాకు తెలియలేదు. పదో తేదీన మీ ప్రొఫెసర్ల ముందు ఈ లెక్కలు చెప్పాలన్నావు కదా, నీ పరిశోధన పాడుచేశానా అమ్మా?

నిన్న పొద్దున గేటు దగ్గరకు వెళ్లి ఇద్దరి ముందూ చెప్పేశాను.

"ఓసి నీ భక్తి తగలెయ్య!" అని మీ మామయ్య. "నా పరువు తీశావు గదక్కా!" అని బాషా. వారం తర్వాత ఇద్దరూ ఒక్క మాట మీదికొచ్చింది నన్ను తిట్టడానికే. తిట్టి తిట్టి అలిసిపోయి, ఆ మంచం మీదే కూర్చుని టీ తాగారు.

"అయితే నా చేలో సీసం లేనట్టేనా?" అన్నాడు మీ మామయ్య.

"నీ చేను సంగతి జ్యోతి చెప్పాలి. అక్క నుదుట మాత్రం ఉందిరా," అన్నాడు బాషా.

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఇంటికొచ్చి అద్దంలో చూసుకుంటే మాత్రం నవ్వు రాలేదు.

ఇప్పుడు పంపుతున్న ఆరో సంచిలో మట్టి బాషా తీశాడు, మూతి మీ మామయ్య కట్టాడు. నన్ను పది అడుగుల దూరంలో నిలబెట్టారు. పాత లెక్క కొట్టేసి ఇది చూడు. ఏడో నంబరు వేసిన చిన్న పొట్లం మాత్రం నాది. పెళ్లైన నాటి నుంచీ పెట్టుకుంటున్న ఆ గుడి సిందూరమే. నీ చిన్నప్పుడు నీ నుదుటా పెట్టాను. అందులో ఏముందో నా దగ్గర దాచకుండా రాయి.

త్వరగా రాయి. స్టిక్కర్లు నాకు దురద, అందుకని బోసి నుదుటితో తిరుగుతున్నాను. మీ నాన్న నన్ను చూసినప్పుడల్లా ఆ తొడుగుల చేత్తోనే తన నాడి పట్టుకు చూసుకుంటున్నారు.

ఇట్లు,
సంచులకు పది అడుగుల దూరంలో ఉన్న మీ అమ్మ,
కోటిరత్నం