జయ జడ సంగతి

పద్మాపూర్,
14 సెప్టెంబర్ 2014

మంచిర్యాలలో ఉన్న అక్క బాలమ్మకు చెల్లెలు ఐలమ్మ దండాలు పెట్టి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేనూ, నీ మరిదీ బాగానే ఉన్నాం. అక్కడ నువ్వు, బావ, నా బిడ్డ జయ చల్లగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. బావ మోకాలి నొప్పి తగ్గిందని చదివి మనసు కుదుటపడింది. జయ తెలుగు కూడబలుక్కుని చదువుతోందన్నావు. నాలుగో తరగతి దాకా మరాఠీలోనే చదివింది కదా, మెల్లగా వస్తుందిలే. నా పని ఎట్లా ఉందని అడిగావు. అదే అంగన్‌వాడి, అవే పిల్లలు, అదే కిచిడీ.

జయ జడ అంత పొట్టిగా ఎందుకు కత్తిరించావని రెండుసార్లు అడిగావు. పేలు పడ్డాయని రాశాను. అది అబద్ధం అక్కా.

తెలంగాణ వస్తుందని తేలినప్పటి నుండి మా గని కాలనీలో తెలుగువాళ్లు ఒక్కొక్కరే సామాను సర్దుకుని సరిహద్దు దాటి అటు వెళ్లిపోయారు. మా వరుసలో మిగిలినవి రెండే తెలుగు ఇళ్లు, మాదీ, రాయమల్లుదీ. రాయమల్లు గనిలో షిఫ్టు సర్దార్. నీ మరిదికి రేపు పని ఉంటుందా ఉండదా అన్నది అతని నోటిమాట మీదే ఉండేది.

అతని కూతురు శారద జయ కన్నా రెండేళ్లు పెద్దది. జయ సంచి తెరిచి నచ్చినవి తీసుకునేది. గిల్లేది. జయ ఒకనాడు పక్క తడిపిందని బడంతా చాటింది. ఎప్పుడూ మీద పడి వాటేసుకునేది, విడిపించుకుంటే నీతో కచ్చి, మాట్లాడను అనేది.

"వద్దంటే ఇంటలేదమ్మా. నేను దానితోని ఆడ" అని జయ నాకు చెప్పింది. దోస్తులన్నాక అంత పట్టించుకోవద్దని, మనవాళ్ల పిల్ల ఇదొక్కతే మిగిలిందని నచ్చజెప్పి పంపాను.

ఆ ఎండాకాలంలోనే అంగన్‌వాడికి బొమ్మల పుస్తకాలు వచ్చాయి. ఒకదాంట్లో మేకపిల్లకూ కోడిపెట్టకూ స్నేహం. మేకపిల్ల ఎప్పుడూ కోడి వీపు మీద తల ఆనిస్తుంది. ఒకరోజు కోడి రెక్క అడ్డం పెట్టి నాకు వద్దంటుంది. మేకపిల్ల అలుగుతుంది కానీ, ఆ తర్వాత అడిగి దగ్గరికి వస్తుంది. ఆ కథ చెప్పి పిల్లలందరి చేతా చెయ్యి చాపించి "వద్దు" అనిపించేదాన్ని. సెలవులు కాబట్టి జయ కూడా గోడకు ఆనుకుని కూర్చుని వినేది.

జూన్‌లో ఒకరోజు శారద, ఇంకో ఇద్దరు పిల్లలు ఆట అని జయను పట్టుకుని కత్తెరతో జడ సగానికి కోసేశారు. జయ చెయ్యి అడ్డం పెట్టి వద్దు వద్దందట. వదలకపోయేసరికి శారద చెయ్యి కొరికింది.

రాయమల్లు భార్య రాజక్క పంటిగాట్లు చూపిస్తూ మా గుమ్మంలోకి వచ్చింది. నీ మరిది తల దించుకున్నాడు. నేను నా బిడ్డ జడ వైపు చూడనైనా చూడలేదు. దాన్ని వాళ్లింటికి లాక్కుపోయి, మెడ మీద చెయ్యి వేసి వంచి, "మాఫ్ చెయ్యమను" అన్నాను. అంది. శారద వచ్చి వాటేసుకుంది. జయ చేతులు కిందికి వదిలేసి అట్లాగే నిలబడింది.

దారిలో నన్ను అడిగింది. "అమ్మా, గా కోడి ముచ్చట ఉత్తదేనా?"

"అది చిన్నపిల్లల ముచ్చట. నడువు" అన్నాను.

మిగిలిన జడను నేనే సమం చేశాను. జయ ఏడవలేదు. మర్నాడు పొద్దున, పెద్దమ్మ దగ్గరికి పంపు అంది. నీకు తోడుంటుందని పంపుతున్నానని నేను చెప్పిందీ అబద్ధమే.

ఆగస్టులో రాయమల్లు వాళ్లూ కరీంనగర్ వైపు వెళ్లిపోయారు. పోతున్నామని మాట కూడా చెప్పలేదు. కొత్త సర్దార్ నీ మరిదిని వారానికి మూడు రోజులే పిలుస్తున్నాడు. ఎవరి కోసం నా బిడ్డ మెడ వంచానో వాళ్లకు మేం గుర్తు కూడా ఉండం.

దసరా సెలవులకు జయను పంపనా అని రాశావు. నాకు చూడాలని ఉంది. కానీ దాన్నే అడుగు. రానంటే ఎందుకని అడగకు, అమ్మ ఏడుస్తుందని చెప్పకు, బస్సు ఎక్కించకు. రానన్నదని నాకు ఒక్క ముక్క రాయి, చాలు.

ఇట్లు,
నీ చెల్లెలు
ఐలమ్మ