సొంత కూతురేనా అని అడిగితే

తిరువూరు,
ఆదివారం.

చిరంజీవి హెప్సిబాను దీవించి రాయునది. ప్రభువు కృపవల్ల ఇక్కడ మీ అమ్మ, మీ పిన్ని, నేను ముగ్గురం ఆరోగ్యంగానే ఉన్నాం. బెంగుళూరులో నువ్వు కూడా వేళకు తిని వేళకు పడుకుంటున్నావని నమ్ముతున్నాను. నిజానికి నమ్మడం లేదు గానీ, ఉత్తరం అలాగే మొదలుపెట్టాలి కాబట్టి రాశాను.

నీ ఉత్తరం బుధవారం అందింది. "మాస్టారూ, ఈ వీధిలో మనిషి చేత్తో రాసిన ఉత్తరం వచ్చేది మీ ఒక్క ఇంటికేనండి, మిగతావన్నీ బ్యాంకు నోటీసులే" అన్నాడు పోస్టుమ్యాన్. ఇంటర్‌లో హాస్టల్ వాళ్ళు ఫోన్ ఇవ్వని రోజుల్లో పట్టిన అలవాటు మనకి ఇంకా పోలేదు. నీ తప్పులూ పోలేదు. "నిర్నయం" అని రాశావు. తెలుగు మాస్టారి ఇంట్లో పెరిగిన పిల్ల రాయాల్సిన మాటేనా అది?

అడిగినవాటికి జవాబులు. మీ పిన్ని మోకాలు అలాగే ఉంది. మెట్లెక్కొద్దని డాక్టరు చెప్పాడు. మా ఆవిడ మేరమ్మగారు వింటారా? చర్చిలో పాటల కూడికంటే చాలు, మేడెక్కేస్తుంది, దిగొచ్చాక నామీద విసుక్కుంటుంది. రెడ్డిగూడెం కాయలు ఈసారి తక్కువ, ఆవకాయ చిన్న జాడీయే పెట్టారు. నీ వాటా సీసాలో వేసి నాకు కనబడకుండా దాచారు. మీ అమ్మకి ఎ.కొండూరులో జ్వరాల సర్వే డ్యూటీ పడింది, ఇంటింటికీ తిరిగి ముఖం నల్లబడింది. నాకు బదిలీ రాలేదు, గంపలగూడెం హైస్కూలే. బడి తెరిచి వారమైంది, తొమ్మిదో తరగతి వాళ్ళు సెలవుల్లో సంధులన్నీ శుభ్రంగా మరిచిపోయి వచ్చారు.

ఇక నీ చివరి ప్రశ్న. "నా ఇంగ్లీషో, గీతాంజలి నిర్లక్ష్యమో, ఏదైతేనేం, ఆస్ట్రేలియా నాకు రాసిపెట్టి లేదు. మళ్ళీ అప్లై చెయ్యను. ల్యాబులో పర్మనెంట్ చేస్తామంటున్నారు, నెలాఖరుకి సరే అనేస్తాను. సరైన నిర్నయమే కదా నాన్నా?" అని రాశావు.

సరైనది కాదు తల్లీ. దీనికి రెండు రోజులుగా జవాబు రాసి చించేస్తున్నాను. ఫోన్లో చెబుదామనుకున్నాను గానీ, నువ్వు ఏడిస్తే మధ్యలో ఆపేస్తానని నాకు తెలుసు. అందుకని ఉత్తరమే. ఆస్ట్రేలియా వీసా పోయింది నీ వల్ల కాదు, నీ అప్లికేషన్ నింపిన గీతాంజలి వల్లా కాదు. నా వల్ల.

మార్చిలో ఒకరోజు, బళ్ళో అన్నాల వేళ, స్టాఫ్ రూములో ఉండగా ఫోన్ వచ్చింది. వీసా ఆఫీసు తరఫునంటూ ఒక అమ్మాయి తెలుగులోనే మాట్లాడింది. ఏం ఉద్యోగం, ఎన్నేళ్ళుగా, నీ చదువు ఖర్చు నేనే పెడుతున్నానా, అన్నీ అడిగింది. అన్నిటికీ సరిగ్గా చెప్పాను. "హెప్సిబా గారు మీకు ఏమవుతారండి?" అంది. "కూతురండి" అన్నాను.

ఇంతవరకు నాది తప్పని ఎవరైనా అంటే వాదిస్తాను. మన భాషలో అన్న కూతురు కూతురే. "మా అన్న కూతురు" అని విడదీసి చెప్పేవాణ్ణి చూస్తే, ఆస్తి తగాదా ఏదో ఉందనుకుంటారు. కానీ ఆ అమ్మాయి అక్కడితో వదల్లేదు. "సొంత కూతురేనాండి?" అని మళ్ళీ అడిగింది. ఇప్పుడు తలుచుకుంటే తెలుస్తోంది, తప్పు దిద్దుకోమని ఇంకో అవకాశం ఇచ్చింది. పరీక్షల్లో పిల్లలకి నేనిచ్చినట్టే.

ఎదురుగా లెక్కల మాస్టారు ఆదిశేషయ్య గారు క్యారేజీ విప్పుకుంటూ వింటున్నారు. నేను ఆ బళ్ళో చేరినప్పటి నుంచీ "మా అమ్మాయి" అనే చెబుతూ వచ్చాను. మా అమ్మాయి ఫస్ట్ క్లాసు, మా అమ్మాయి ఆస్ట్రేలియా వెళ్తోంది. నువ్వు అన్నయ్య బిడ్డవనీ, మాకు పిల్లల్లేరనీ అక్కడ ఒక్కరికీ తెలియదు. ఆయన ముందు కాదనడానికి నోరు రాలేదు. "సొంత కూతురేనండి" అన్నాను. కాస్త కోపంగానే అన్నాను. ఆమె థాంక్యూ సార్ అని పెట్టేసింది. ఆదిశేషయ్య గారు పెరుగన్నం కలుపుకుంటూ, "సొంత కూతుళ్ళు కాక అద్దె కూతుళ్ళుంటారేంటండీ" అని నవ్వారు. నేనూ నవ్వాను.

అప్లికేషన్‌లో తండ్రి పేరు దగ్గర చనిపోయిన మీ నాన్న పేరుంది, ఖర్చు భరించే చిన్నాన్న అని నా పేరుంది. గీతాంజలి అంతా సరిగ్గానే నింపింది. "బంధుత్వం గురించి ఇచ్చిన సమాచారానికీ, విచారణలో తెలిసినదానికీ పొంతన లేదు" అని, ఇంటికొచ్చి ఉన్న నువ్వు రిజెక్షన్ మెయిల్ చదివి వినిపించినప్పుడే నాకు ఆ ఫోన్ గుర్తొచ్చింది. నువ్వేమో వెంటనే ఆ పిల్లకి ఫోన్ చేశావు. "చిన్నప్పట్నుంచి మా ఇంట్లో తిరిగావు, నాన్నకీ చిన్నాన్నకీ తేడా తెలీకుండా ఎలా టైపు చేశావే" అని కడిగేశావు. అవతల అది ఏడవడం నాకు వినిపిస్తూనే ఉంది. నేను నీ పక్కనే కూర్చుని, "ఆ పిల్లకి మొదట్నుంచీ శ్రద్ధ తక్కువే" అన్నాను.

ఫోన్లో చెప్పిన అబద్ధానికి ప్రేమ అని పేరు పెట్టుకున్నాను. ఈ మాటకి ఏ పేరూ పెట్టలేకపోయాను. భయపడ్డాను, అంతే. నీకు మాటలొచ్చే నాటికి మీ నాన్న పోయి నెలలే అయింది. చిన్నాన్న అనడానికి నోరు తిరక్క నాన్నా అన్నావు. పరాయి పిల్లల మాటలన్నీ దిద్దే మనిషిని, దాన్ని మాత్రం దిద్దలేదు. వీసా పోయింది నా వల్లేనని తెలిస్తే ఆ పిలుపు వెనక్కి తీసుకుంటావేమోనని, నీ స్నేహితురాల్ని నీకు లేకుండా చేశాను.

శుక్రవారం మీ అమ్మకి చెప్పాను. బియ్యం ఏరుతున్న చేట పక్కన పెట్టింది. "అది నీ కూతురే డానీ, కాదని నేనెప్పుడన్నా అన్నానా? ఆ మాట దాని పెళ్ళిలో చెప్పుకోవాలి గానీ వీసా వాళ్ళకా?" అంది. మీ పిన్ని కొంగుతో కళ్ళు తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయింది.

నిన్న విజయవాడ వెళ్ళి, వీసా కన్సల్టెన్సీ ఆఫీసులో గీతాంజలిని కలిశాను. నీళ్ళిచ్చింది, కూర్చోమంది. "నా ఫైలు నేను అప్పుడే చూసుకున్నానండి అంకుల్, తప్పు లేదని నాకు తెలుసు. తను వింటే కదా" అంది. క్షమించమన్నాను. "నన్నడగడం సరే, ముందు దానికి చెప్పండి" అంది. ఫిబ్రవరి చదువులకి మళ్ళీ అప్లై చెయ్యొచ్చట. జరిగింది జరిగినట్టు రాసి నేను ప్రమాణపత్రం జతచెయ్యాలి. దగ్గరుండి తనే చూస్తానంది. నువ్వు అన్ని మాటలన్నా ఆ పిల్ల ఆ మాటంది.

తిరిగొస్తూనే తిరువూరు కోర్టు దగ్గర నోటరీ లాయరు చేత పత్రం రాయించాను. "సదరు హెప్సిబా నా కుమార్తె కాదు, నా అన్నగారి కుమార్తె" అని రాశాడు. అన్నగారి కుమార్తె అంటే చాలదా, ఆ మొదటి ముక్క తీసెయ్యండి అని బతిమాలాను. "ఉండాలి మాస్టారూ. ఫోన్లో ఔనన్నారుగా, ఇక్కడ కాదనాలి" అన్నాడు. సంతకం పెట్టాను.

నువ్వు ల్యాబు వాళ్ళకి సరే అనకు. ముందు గీతాంజలికి ఫోన్ చెయ్యి. నామీద కోపం ఎన్నాళ్ళుంటే అన్నాళ్ళు ఉంచుకో, ఉత్తరాలు మాత్రం మానకు. నేను చేసింది తప్పు తల్లీ, నన్ను క్షమించు.

ఈసారి కూడా వాళ్ళు ఫోన్ చేస్తారట. మీ పిన్ని కూరలు తరుగుతూ, "హెప్సిబా మీకు ఏమవుతుందండి?" అని గొంతు మార్చి అడుగుతోంది. నేను జవాబు చెబుతున్నాను. పొద్దున్నే మళ్ళీ తప్పాను. నోటికి రాకపోతే చేతికైనా అలవాటు కావాలని, ఈ ఉత్తరం కింద ఎప్పుడూ రాయని మాట రాస్తున్నాను.

ఇట్లు,
నీ చిన్నాన్న,
డేనియేలు.