పక్కలైన్లో నీ ప్యాసింజరు

నాన్నా,

నువ్వు పోయి ఈరోజుకి ఏడాది. నువ్వు కంప్యూటర్లో ఆడిన రైళ్ల ఆటకి రెండో భాగం వస్తే కొన్నాను. బొమ్మలు బాగున్నాయి గానీ, ఇనుపగనుల బచేలిలో పనిచేసిన నీలాంటి స్టేషన్‌మాస్టరు దీనికి పనికిరాడు. నువ్వు నేర్పినట్టే ఇనుపఖనిజం బండికి దారిచ్చి, ప్యాసింజరును పక్కలైన్లో ఆపాను. పాత ఆటలో ప్రయాణికులు నోరెత్తేవారు కాదు. ఈ కొత్త ఆటలోవాళ్లు ఫిర్యాదుల మీద ఫిర్యాదులు చేసి మూడుసార్లు నా ఉద్యోగం పీకించారు.

"మీ నాన్నయితే వాళ్లని కూడా 'కూర్చోండయ్యా, ముందు ఖనిజం' అని కసిరేవోరు" అని అమ్మ నవ్వింది.

చివరికి ప్యాసింజరునే ముందు పంపి గెలిచాను. తిట్టుకోకు.

తర్వాత పాత ఆట తెరిచాను. నువ్వు చివరిసారి ఆడినప్పుడు పక్కలైన్లో ఆపిన ప్యాసింజరు ఇంకా అక్కడే ఉంది. సిగ్నల్ ఇవ్వడానికి నాకు చేతులు రాలేదు. లోపలున్నవాళ్లు మాత్రం ఇప్పటికీ ఒక్క ఫిర్యాదూ చెయ్యలేదు.