జామెట్రీ బాక్సులో దారం

ఫిబ్రవరి 26
ప్రీ-ఫైనల్ లెక్కల పేపర్లు ఇచ్చారు. ఎనభై ఒకటి. పోయిన పందొమ్మిదిలో రానివి నాలుగే. మిగతా పదిహేనూ చేతులారా పారేసుకున్నవి. ప్రశ్నలో 36 ఉంటే 30 అని ఎక్కించాను. ఇంకోచోట పై లైనులో మైనస్ ఉంది, కింది లైనులో లేదు. ఎక్కడికి పోయింది దరిద్రపు మైనస్? సార్ పేపరు చేతికిస్తూ — "నీకు లెక్కలు రాక కాదమ్మా, నిలకడ లేక." అందరి ముందూ. రెండు దెబ్బలు వేసినా బావుండేది.

ఫిబ్రవరి 27
అక్కకు చూపించాను. షాపు నుంచి వచ్చి కాళ్ళు కూడా కడుక్కోకుండా పేపరు తిరగేసింది. 30 దగ్గర వేలు ఆపింది.
ఎందుకో నాకు తెలుసు. మూడేళ్ళ కిందట అక్క టెన్త్ పోయింది లెక్కల్లోనే. మూడు మార్కుల తేడా. రఫ్‌లో జవాబు సరిగ్గానే వచ్చింది, పేపర్లోకి ఎక్కించేటప్పుడు అంకెలు తారుమారు. మళ్ళీ రాయమంటే రాయనంది. అప్పట్నుంచి బస్టాండు సెంటర్లో బట్టల షాపులో చీరలు మడతపెడుతోంది.
"రేపట్నుంచి నేను కూచోబెడతా నిన్ను" అంది.

మార్చి 4
అక్క పద్ధతి — ఎడమచేతి వేలు ప్రశ్న మీద, పెన్ను నోటు మీద. అంకె అంకె పైకి చదవాలి. మైనస్ వస్తే గట్టిగా "మైనస్" అనాలి. వచ్చిన జవాబు మళ్ళీ ప్రశ్నలో పెట్టి చూడాలి. పొయ్యి దగ్గర్నుంచి అమ్మ నవ్వు — "ఏంటే, బైబిలు వాక్యం అప్పజెప్పినట్టు!"
విసుగు. చచ్చేంత విసుగు. కానీ పది లెక్కల్లో ఒక్కటే పోయింది.

మార్చి 9
ఇవాళ మూడు పోయాయి. ఏడెనిమిదులు యాభై నాలుగట... నా మొహం.
అక్క పుస్తకం టపీమని మూసింది. "సీటు అక్కర్లేదంటే చెప్పు, కౌంటర్లో నా పక్కన చోటుంది." ఏడ్చాను. తర్వాత అక్కా ఏడ్చింది, పెరట్లోకి వెళ్ళి.
లెక్కల్లో తొంభై దాటితేనే టెన్త్ మార్కుల మీద ఉచితంగా ఇచ్చే ఆ హాస్టల్ ఇంజనీరింగ్ సీటు మీద ఆశ పెట్టుకోమన్నారు సార్. అది రాకపోతే ఇంటర్ చదివించే ఓపిక తనకి లేదని నాన్న ముందే చెప్పేశాడు. కోప్పడి కాదు, అన్నం కలుపుకుంటూ మామూలుగా చెప్పాడు.

మార్చి 15, ఆదివారం
చర్చిలో టెన్త్ పిల్లల్ని ముందుకు పిలిచారు. తొమ్మిదిమందిమి. పెన్నులు, హాల్‌టికెట్లు బల్ల మీద పెట్టాం. పాస్టరు గారు వాటి మీద చేతులుంచి ప్రార్థన చేశారు. అమ్మ నాలుగు పెన్నులు కొంది, నాలుగూ పెట్టించింది. "ఆ జామెట్రీ బాక్సు కూడా పెట్టవే" అంది. సిగ్గేసింది. పెట్టాను.

మార్చి 23
రేపే లెక్కలు. ఏమీ రాయను.

మార్చి 24
బాగా రాశాను. నిజంగా! వేలు పెట్టి చూస్తుంటే రెండు తప్పులు దొరికాయి, రెండూ దిద్దాను. ఎనిమిది మార్కుల గ్రాఫ్ ఎంత నీటుగా వచ్చిందో. వార్నింగ్ బెల్లు కొట్టాక కూడా మొదటి పేజీ నుంచి మళ్ళీ చూస్తూనే ఉన్నాను. "ఇక చాల్లేమ్మా" అని ఇన్విజిలేటర్ సార్ లాక్కునేదాకా.
గేటు దగ్గర అక్క. షాపులో గంట పర్మిషన్ అడిగి వచ్చింది.
"ఎలా...?"
"ఒక్కటి కూడా పోలేదు."
నన్ను ఎత్తుకున్నంత పని చేసింది, రోడ్డు మీదే. నిమ్మకాయ సోడా తాగించింది.

మార్చి 24, సాయంత్రం
సైన్సుకి పెన్సిల్ చెక్కుదామని బాక్సు తెరిచాను.
దారం. తెల్లది, జానెడు. గ్రాఫ్ కాగితాన్ని పేపరుకి కట్టమని హాల్లో సార్ ఇచ్చింది.

మార్చి 25
నిన్నటి నుంచి అదే. గ్రాఫ్ గీశాను. పేపరు మధ్యలో పెట్టాను — గుర్తుంది. చూడటం అయ్యాక కడదాం అనుకున్నాను — అదీ గుర్తుంది. ఆ తర్వాత సార్ చెయ్యి.
గ్రాఫ్ మీద నంబరు రాయకూడదన్నారు, రాయలేదు. జారి కింద పడితే అది నాదని ఎవరికీ తెలియదు. సార్ చూసి తనే కట్టారేమో. నాకు రెండు దారాలు ఇచ్చారేమో...
ఇవ్వలేదు. ఒక్కటే ఇచ్చారు.

మార్చి 26
సైన్సు చదువుకుంటుంటే అక్క లెక్కల ప్రశ్నపత్రం ముందేసుకుని మార్కులు వేస్తోంది. తొంభై ఆరట, గ్రాఫ్ ఎనిమిదీ కలిపి. "గ్రాఫ్ గట్టిగా కట్టావుగా?"
"ఊఁ."
ఒక్క అక్షరం. అబద్ధానికి అంతే చాలు.

మార్చి 27
తిరువూరు నుంచి మా పేపర్లు ఎక్కడికి పోతాయో తెలియదు. విజయవాడ బస్సు కదులుతుంటే అందులో ఉన్నాయేమో అనిపించింది. నిలబడి చూశాను. కండక్టరు ఎక్కుతావా అని అడిగాడు.

మార్చి 29, మట్టల ఆదివారం
చర్చిలో అమ్మ సాక్ష్యం చెప్పడానికి లేచింది. ఎప్పుడూ లేవదు. చేతిలో ఈత మట్ట.
"నా పెద్దబిడ్డ లెక్కల్లో పోయింది, మీ అందరికీ తెలుసు. చిన్నబిడ్డ చేత దేవుడు ఒక్క తప్పు లేకుండా రాయించాడండి..."
అందరూ స్తోత్రం అన్నారు. అక్క తల దించుకుంది. నేను చాప అంచు పీకుతూ కూచున్నాను. ఇంతమందిలో అక్కకు ఆ మాట పడింది నా వల్లే. లేచి చెప్పేయాల్సింది. లేవలేదు. ఛీ.

ఏప్రిల్ 1
పరీక్షలు అయిపోయాయి. అందరూ ఒకళ్ళ మీద ఒకళ్ళు ఇంకు చల్లుకున్నారు. నేను నేరుగా ఇంటికి. యూనిఫాం తెల్లగానే ఉందేంటని అమ్మ అడిగింది.

ఏప్రిల్ 6
దారం పారేద్దామని వీధి చివరిదాకా వెళ్ళి తిరిగొచ్చాను. అది లేకపోతే కట్టేశానని నేనే నమ్మేస్తాను.

ఏప్రిల్ 9
మధ్యాహ్నం అన్నానికి వచ్చిన అక్క, జాకెట్టు గుడ్డ మీద గీత గీయాలని నా బాక్సు తీసింది. వద్దనేలోపే తెరిచింది. పరీక్ష హాల్లో ఇచ్చే దారం ఎలా ఉంటుందో అక్కకు ఎవరూ చెప్పక్కర్లేదు.
"ఇదేంటే?"
ఏడుపు రాలేదు. గోడకు ఆనుకుని నిలబడ్డాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.
గుడ్డ మడిచి పక్కన పెట్టి — "నాకూ ఆ రోజే తెలుసు."
"ఏం?"
"అంకెలు తిప్పి ఎక్కించానని. గేటు దాటగానే గుర్తొచ్చింది. రిజల్ట్స్ దాకా ఎవరికీ చెప్పలేదు. అమ్మేమో రోజూ నాకు జడేస్తూ, పాసైతే ఏ కాలేజీలో చేర్చాలో చెప్పేది... విన్నాను. నెలరోజులు విన్నాను."
మూడేళ్ళుగా ఒకే మంచం మీద పడుకుంటున్నాం. నాకు తెలియదు.
"అమ్మకి చెబుదామా అక్కా?"
అక్క దారం వేలికి చుట్టింది, విప్పింది, మళ్ళీ బాక్సులో పెట్టి మూసింది. షాపుకి టైమైందని చెప్పులేసుకుంది. అన్నం తినలేదు.

అదే రోజు, ఐదు కావస్తోంది
అమ్మ మామిడి తోట పని నుంచి వచ్చే వేళ. బాక్సు గడప మీద పెట్టాను. తీసి లోపల పెట్టాను. మళ్ళీ తెచ్చి, దారం కనిపించేలా మూత తీసి గడప మీదే పెట్టాను.
వీధి మలుపులో కూలోళ్ళ ఆటో ఆగింది. అమ్మ నవ్వు వినిపిస్తోంది...