లోపల మనిషి ఉండాడు

యశ్వంతనగర్,
మంగళవారం

నా జోడీ నారపకు,

మారన్న రాసేది. నేను బతికే ఉండా. నువ్వూ ఉంటావులే అనుకొని రాస్తాండా. నీ చెవులు బాగుంటే ఫోన్లోనే నాలుగు తిట్లు తిట్టి పెట్టేసుందును. నువ్వేమో ఫోన్ పట్టుకొని "ఆఁ? ఆఁ?" అంటావు, ఈడ నేను అరిచే అరుపుకు వీధంతా మన కథ వింటాది. అందుకే ఈ తిప్పలు. మధ్యాన్నం సద్దిగిన్నె పక్కన పెట్టి, కొండమీద ఎర్రమన్నులో వేలితో నువ్వు దిద్దిచ్చిన అక్షరాలే ఇవి. వంకరగా ఉంటే తప్పు నీది.

కంప్లికి యప్పుడొస్తావు, యప్పుడొస్తావు అని మూడు కార్డులు రాస్తివి. రాను. రాలేను. ఎందుకో ఇంతవరకూ ఎవరికీ చెప్పల్యా. నీకు చెప్తా. చదివి పొయ్యిలో పెట్టు.

మా సుంకలమ్మ నీకు తెలుసు. మైన్స్ క్యాంటీన్ కాడికి పరిగెత్తుకొని వచ్చి నీ జేబులో చెయ్యి పెట్టి బొరుగులు తినేది కదా, అదే. దానికిప్పుడు ముప్పై ఎనిమిదేండ్లు. ఒళ్ళు పెరిగింది కానీ బుద్ధి ఆ బొరుగుల కాడనే నిలిచిపోయింది. నా పెండ్లాం నాగలక్ష్మమ్మ ఉన్నన్ని దినాలు బిడ్డ సంగతి నాకేం తెలుసు? సంబళం తెచ్చి చేతిలో పెడితి, మీసం తిప్పుకుంటూ తిరిగితి. అది పోయి ఆరేండ్లాయె. ఆరేండ్ల నుంచి సుంకికి అమ్మా నేనే, నాయనా నేనే.

పొద్దున లేస్తూనే దానికి తలదువ్వాల. రెండు జడలూ ఒక్క లావే ఉండాల. ఒకటి సన్నమాయెనా, రెండూ పీకేస్తాది, మల్లా మొదటినుంచి. కొండను తొలిచిన చేతులప్పా ఇవి, రిబ్బన్ ముడికి మాత్రం వంగవు. బువ్వ ఒక పక్క, పప్పు ఒక పక్క, కూర ఒక పక్క పెట్టాల. ఒకదానికొకటి తగిలితే తట్ట తోసేస్తాది. నెలనెలా వచ్చేదానికి మాత్రం పక్కింటి పక్కీరమ్మ వచ్చి చూసుకుంటాది. ఆ మూడు దినాలు నేను గోడ దిక్కు తిరిగి కూచుంటా. ఇంగేదీ ఆమెను అడగను. ఎవరినీ అడగను. మారన్న ఒకరి గడప కాడ నిలబడి చెయ్యి చాపినాడని ఈ ఊళ్ళో ఎవరూ అనరాదు.

వీటన్నిటికీ ఓర్చుకుంటా. ఓర్చుకోలేంది ఒకటే, "నాయనా, యాడికి?" అనేది. నీళ్ళు పోసుకునేకి లేస్తే యాడికి. వాకిలి కాడ ఉమ్మేకి పోతే యాడికి. వాళ్ళమ్మ ఆసుపత్రికి పోయి మల్లా రాల్యా కదా, అప్పటినుంచి మనిషి కంటికి అగుపడకుంటే దాని గుండె నిలవదు. దానికోసం ఒక ఉపాయం చేస్తి. మన మైన్స్‌లో బిళ్ళల బోర్డు ఉండె కదా. లోపలికి పోయేవాడు తన నంబరు బిళ్ళ తగిలిచ్చి పోవాల, వచ్చేటప్పుడు తీసుకోవాల. బోర్డు మీద ఒక్క బిళ్ళ మిగిలినా సైరన్ కొట్టరాదు, మందు పేల్చరాదు, లారీ కదలరాదు, ముందు మనిషిని వెతకాల. చిన్నప్పుడు నా చంకలో ఉండి ఆ బోర్డు చూస్తుండె ఇది, ఆ కథ నూరుసార్లు చెప్పిచ్చుకొనె. సరే అని వాకిలి పక్కన రెండు మేకులు కొడితి, రేకు బిళ్ళలు రెండు చేస్తి. బిళ్ళ మేకుకు ఉంటే మనిషి ఇంట్లో ఉన్నట్లు. ఇట్ల దాని గుండె కుదుటపడె. నా మెడకు మాత్రం తాడు పడె. నేను బిళ్ళ తీసి జేబులో వేసుకుంటే చాలు, గడప మీద కూచుంటాది, తినదు, తాగదు. రేషన్ అంగడికి పోయి వచ్చేలోపల దాని కండ్లు ఉబ్బుంటాయి. ఆరేండ్లలో సండూరు దాటల్యా నేను.

ఇంగ అసలు మాట. బట్టలు ఉతికేటప్పుడు నేను ఈడ ఉండను. కండ్లు మూసుకుంటే కంప్లి బస్సులో ఉంటా. కిటికీ పక్కన సీటు, పక్కన ఎవరూ ఉండరు. దిగి ఏటి కాడికి పోతా, నీళ్ళలో కాళ్ళు పెట్టుకొని కూచుంటా, పొట్లంలో మిరపకాయ బజ్జీలు ఉంటాయి, వేడివి. ఎవరూ యాడికి అనరు. ఆడ నేను ఎవరికీ నాయన కాదు. ఒక్కోసారి నువ్వూ ఉండవు, ఏమనుకోవద్దు. ఒకసారి అట్లనే కూచోని ఉంటే, సుంకి యాడుండాదో అని తలపుకొచ్చె. అసలు బతికి ఉండాదా, లేదా అని. జవాబు వెతుక్కోకుండానే బజ్జీ తింటి. తర్వాత కండ్లు తెరిస్తే చేతిలో దాని పరికిణి, సబ్బు నురగ.

అది మొదలు నా మీద నాకు భయం పట్టుకొనె. మా దుర్గేశ్ సండూరులో టైర్ల అంగడిలో పని చేస్తాడు కదా, ఒక కాగితం తెచ్చినాడు. హోస్పేటలో ఇట్లాంటి బిడ్డల్ని పెట్టుకునే ఆశ్రమం ఉండాదంట. "నాయనా, నీకు డెబ్బై ఒకటి. నువ్వు పోయినాక నేను, నా పెండ్లాం చేసేది ల్యా, ముందే చెప్తాండా. సంతకం పెట్టు" అనె. వాని నోరు నా నోరే, ఏమంటా? కాగితం ఎనిమిది దినాలుగా పరుపు కింద ఉండాది.

గురువారం సంతకం చేసి నేనే పోయి ఇచ్చొస్తా. ఇది నిర్ణయం, సలహా అడగల్యా నిన్ను.

మారన్న

*

యశ్వంతనగర్,
ఆదివారం

నారపా,

మొన్నటి ఉత్తరం పొయ్యిలో పెట్టింటే సరే. పెట్టకుంటే ఇది కూడా దానితోనే పెట్టు. ఈ వారం నేను చేసిన పని వింటే నువ్వు నా మొగం మీద ఉమ్ముతావు. ఉమ్మించుకునేకే రాస్తాండా.

గురువారం పొద్దున జడలు వేస్తి, బువ్వ పెడితి, టీవీ పెడితి. అది దాంట్లో పడె. కాగితం జేబులో పెట్టుకొని వాకిలి కాడికి వస్తి. బిళ్ళ తియ్యాల. తీస్తే ఆ రేకు చప్పుడుకే తల తిప్పుతాది, గడప పట్టుకుంటాది, ఇంగ నేను కదిలేది ల్యా. నిలబడి చూస్తి, చూస్తి. తియ్యల్యా నారపా. బిళ్ళ మేకుకే వదిలి, చెప్పులు చేతిలో పట్టుకొని దొంగ మాదిరి బయటపడితి. ముప్పై నాలుగేండ్లు మైన్స్‌లో చేసినోణ్ణి. ఇట్లాంటి తప్పు చేసినోణ్ణి అప్పుడైతే గేటు కాడే చెంప పగలగొట్టి ఇంటికి పంపుతుంటిమి.

పక్కీరమ్మకైనా చెప్పాల్సింది. చెప్పల్యా.

హోస్పేటలో ఆశ్రమం ఆఫీసాయన మధ్యాన్నం బువ్వకు పోయిండె. రెండు గంటలకు రమ్మన్నారు. బస్టాండు కాడికి వచ్చి బజ్జీలు తీసుకొని కట్ట మీద కూచుంటి. అబద్దం ఎందుకు చెప్పల్ల, సుఖంగా ఉండె. బస్సులు వస్తాండాయి, పోతాండాయి, నా మొగం ఎవరూ చూడరు. కంప్లి బస్సు కూడా నా ముందే నిలిచె. ఎక్కుదామా అని కాలు లేసె. అప్పుడు ఫోన్ మోగె. దుర్గేశ్.

"నాయనా, యాడుండావు?"

"ఉండా. ఏం?"

"ఏమా? అక్క లారీలు నిలిపేసింది!"

"ఏంది నిలిపింది?"

"మైన్స్ ఓర్ లారీలు నాయనా! రోడ్డు మధ్యలో నిలబడుకొని ఒక్కటిని కదలనీయల్యా. సండూరు దాకా లైను కట్టినాయంట. నా ఓనరు నన్ను చూసి నగుతాండాడు. నువ్వు ఇంట్లో లేవా?"

కాగితం ఇయ్యల్యా. వెనక్కి వచ్చే బస్సులో ఎట్ల కూచుంటినో నాకే తెల్దు.

దిగి చూస్తే దుర్గేశ్ చెప్పింది నిజమే. ఎర్ర దుమ్ము కొట్టుకున్న లారీలు ఒకదాని వెనక ఒకటి, కంటికి ఆననంత దూరం. మధ్యలో మా సుంకి. ఒక జడ ఊడిపోయి ఉండాది, ఆ ఎర్ర రిబ్బన్‌నే పొరక కట్టెకు కట్టి ఎత్తి పట్టుకొని ఉండాది. డ్రైవర్లు దిగి చుట్టూ నిలబడినారు. కోపం ల్యా వాళ్ళకు, తమాషాగా ఉండాది.

"యక్కా, చేయి నొయ్యల్యా? నేను పట్టుకుంటా, ఇటియ్యి."

"ఇయ్యను. లోపల మనిషి ఉండాడు."

"లోపల యాడక్కా?"

"బిళ్ళ ఉండాది. మనిషి దొరకల్యా. కదలరాదు."

"ఎవరు ఆ మనిషి? మీ ఆయనా?"

"మా నాయన" అనె. వాళ్ళు నగేది ఆపేసిరి.

పొద్దున్నుంచి మంచం కింద వెతికిందంట, బియ్యం డ్రమ్ములో చూసిందంట, బావిలోకి వంగి పిలిచిందంట. యాడా లేకుంటే ఇంగ కొండ లోపలే ఉంటాను కదా! బిళ్ళ అబద్దం చెప్తాదని దానికి తెలీదు. పక్కీరమ్మ చెంబుతో నీళ్ళు పట్టుకొని దాని పక్కనే ఉండె. నన్ను చూస్తూనే మొదలుపెట్టె.

"ఏమన్నా, బిళ్ళ ఆడే పెట్టి పోతివే! దానికి అబద్దం చెప్పేది రాదు, నమ్మేది ఒకటే వస్తాది. అది తెలిసీ చేస్తివి. నాకు ఒక్క మాట చెప్పి పోతే నీ మీసం రాలిపోతుండెనా?"

సుంకి నన్ను పైనుంచి కిందికి చూసె. నా మీద పడి ఏడుస్తాదనుకొంటి. ఏడవల్యా. కట్టె దించి డ్రైవర్లకు చెప్పె, "మనిషి దొరికినాడు. పోండి." వాళ్ళు హారన్లు కొట్టుకుంటూ పోయిరి. ఇంటికి వచ్చినాక బువ్వ పెడితే నా దిక్కు చూడకుండా ఒక్క మాట అనె.

"నువ్వు లోపల లేవు."

అంతే. మూడు దినాలాయె, నన్ను "యాడికి?" అని అడగల్యా. ఆరేండ్లుగా ఆ మాట ఎప్పుడు ఆగుతాదా అనుకుంటినే, ఆగె. నీళ్ళు పోసుకునేకి పోతూ వాకిలి కాడ ఊరికే నిలబడుతాండా, అడుగుతాదేమో అని. నా బతుకు చూడు.

నీకు మొగం చూపియ్యలేని
మారన్న

*

యశ్వంతనగర్,
సోమవారం

మొద్దు చెవుల నారపకు,

నీ జాబు అందె. "నువ్వు గాడిదవి" అని ఒక్క మాటకు కార్డంతా వాడుకుంటివి. సరే. ఇరవై దినాలు ఎందుకు రాయల్యా అంటే, ఈడ పనులు మారిపోయినాయి.

లారీలు నిలిచిన రెండో వారం మహాదేవి టీచర్ ఇంటికి వచ్చె. మా బడి రోడ్డుకు అవతల పక్క ఉండాది కదా. పిల్లలు దాటాలంటే గంటసేపు నిలబడాల, ఒక్క లారీవాడూ నిలపడు. ఆమె కన్నడమూ తెలుగూ కలిపి మాట్లాడుతాది. "యజమాన్రే, మీ సుంకలమ్మకు డ్రైవర్లు అందరూ నిలుస్తారు. పొద్దున అర్ధగంట, సాయంకాలం అర్ధగంట, జెండా పట్టుకొని పిల్లల్ని దాటిస్తాదా?" అనె.

నాకు ఒళ్ళు మండె. "మా బిడ్డ రోడ్డు మీద నిలబడేకి పుట్టల్యా. ఊరందరూ చూసి నగేకి తమాషా కాదు" అంటి.

"నగేది ఎవరు? మీరు చూసినారా?" అనె ఆమె.

చూసింటి. వాళ్ళు నగేది ఆపిందీ చూసింటి. ఇటు తిరిగితే సుంకి చెప్పులు వేసుకొని, తన బిళ్ళ తీసి రవికలో దోపుకొని, వాకిట్లో నిలబడి ఉండాది. నన్ను అడగల్యా. నాకు చెప్పల్యా. టీచర్ చెయ్యి పట్టుకొని పోయె.

పక్కీరమ్మ బడిలో పిల్లలకు మధ్యాన్నం బువ్వ వండుతాది, తనే తోడు తీసుకొని పోతాది, తెస్తాది. మొదటి దినం నేను టీ అంగడి వెనక దాక్కొని చూస్తి. సుంకి జెండా ఎత్తె. పెద్ద లారీ, లోడు బండి, బుస్సుమని నిలిచె. పిల్లలు దాటిరి. ఆఖరి పిల్ల బూటు ఊడితే సుంకి జెండా దించల్యా, ఆ పిల్ల బూటు ఏసుకునేదాకా లారీ అట్లనే ఉండె. డ్రైవరు చేయి ఎత్తి సలాం కొట్టె. అంగడాయన నా చేతికి టీ ఇచ్చె. ఎట్లుండెనో చెప్పలేను, తాగినట్లు గుర్తు ల్యా.

నారపా, నాకు బుద్ధి వచ్చెనని అనుకోవద్దు. కోపమే వచ్చె. ఆరేండ్లు దాన్ని ఇంట్లో పెట్టి కాచినోణ్ణి నేను. దానికి నేను తప్ప ఎవరూ లేరనుకొంటి, ఎవరినీ రానియ్యల్యా. గడప మీద అది కూచుంటే అది నన్ను కట్టేసిందనుకొంటి. ఎవరు ఎవర్ని కట్టేసినారో ఆ టీ అంగడి వెనక నాకు తెలవకపోయె.

దుర్గేశ్ వచ్చి కాగితం సంగతి అడిగె. "చింపేస్తి" అంటి.

"మరి నువ్వు పోయినాక?"

"అది అప్పటి మాట. ఇప్పుడు దాన్ని హోస్పేటకు పంపితే ఈడ లారీలు ఎవరు నిలుపుతారు? నువ్వు నిలుపుతావా? నిన్ను చూస్తే సైకిలు కూడా నిలవదు."

వాడు నగె. చానా దినాల తర్వాత మా ఇద్దరికీ నగు వచ్చె. "నువ్వు పోయినాక" అన్న మాటకు జవాబు మాత్రం నా కాడ ల్యా. సుంకికి గడుసుతనం వచ్చెనని అనుకోవద్దు, ఇప్పుడూ జడ సన్నమైతే పీకేస్తాది, కూర పప్పుకు తగిలితే తట్ట తోసేస్తాది.

పోయిన వారం దాన్నే అడిగితి, "సుంకీ, నారప మామ ఇంటికి పోదామా? కంప్లికి? శుక్రవారం పోయి శనివారం వద్దాం."

"బడికి రజా ల్యా" అనె.

"ఒక్క దినం."

"శుక్రవారం బడి ఉండాది. శనివారం పొద్దున బడి ఉండాది. ఆదివారం పోదాం."

నేను ఆదివారం అనల్యా. సుంకి లేకుండానే రావల్ల అని ఉండె నాకు. తప్పో ఒప్పో, ఉండె. రావల్లంటే పక్కీరమ్మను అడగాల, ఒక రాత్రి మా ఇంట్లో పండుకోమని. నాలుగు దినాలు వాళ్ళ గడప కాడికి పోతి, వాన సంగతి మాట్లాడి వస్తి. అయిదో దినం అడిగేస్తి. ఆమె చేతిలో చేట పక్కన పెట్టె.

"అన్నా, ఈ ఒక్క మాట అడిగేకి నీకు ఆరేండ్లు పట్టెనా?" అనె. "పో. పోయి రా."

శుక్రవారం పొద్దున బస్సుకు వస్తాండా. ఒక్కణ్ణే. చేపలు తెప్పించు. ఏటి కాడ నీళ్ళు ఉండాయా, ఎండినాయా, రాయాల్సిన పనిల్యా, నేనే చూసుకుంటా.

సుంకికి చెప్పినా. అది జెండా కర్రకు కొత్త గుడ్డ కట్టుకుంటాండె. తల ఎత్తకుండా "ఊఁ" అనె. యప్పుడొస్తావని అడగల్యా. శనివారం సాయంకాలం వస్తానని నేనే చెప్పినా. రెండుసార్లు చెప్పినా. నేను లేకుంటే ఆ రాత్రి ఏడుస్తాదని నాకు భయం ల్యా నారపా. ఏడవదేమో అనే భయం. అయినా వస్తా. తలుపు తీసి పెట్టు, కొడితే నీకు వినపడదు.

మారన్న