బోణీ అయ్యేదాకా

జూలై 2007, మంగళవారం రాత్రి

నేను చదువుతున్న దూరవిద్య కోర్సులో ఆపరేషన్స్ పేపర్‌కు, తెలిసిన చోట పని ఎలా నడుస్తుందో వరసగా బొమ్మ గీసి పంపమన్నారు. మా అంగడినే గీశాను. షట్టర్ ఎత్తడం, ఊడ్చి దీపం పెట్టడం, బోణీ, ఆ తర్వాత నేను తక్కెడ దగ్గరికి రావడం.

సాయంత్రం నెట్ సెంటర్‌లో చూస్తే ఆన్‌లైన్ మేడమ్ జవాబు వచ్చి ఉంది. "తూకం వేసే మనిషి మొదటి అమ్మకం దాకా ఎందుకు ఖాళీగా కూర్చోవాలి? కారణం రాయండి, లేదా ఆ ఆలస్యం తీసేయండి." దానికి పేరు కూడా ఉంది, ఐడిల్ టైమ్ అట.

ఆయన పోయినప్పటి నుంచి బోణీ కాకముందు నేను ఎదురు రాకూడదు. మామ కోపంగా ఏమీ అనరు. "బోణీ అయినాది, ఇంగ రామ్మా" అని మెల్లగానే పిలుస్తారు. ఈ ఏడు వాన లేదు, బేరాలు లేవు. ఈరోజు ఆ పిలుపు భోజనాల వేళకు వచ్చింది. అప్పటిదాకా తలుపు వెనక స్టూలు మీద పుస్తకం పట్టుకుని కూర్చున్నాను. పేజీ తిప్పలేదు. కోపం రావాలి కదా, అదీ రాలేదు.

మేడమ్‌కు కారణం రాయలేదు. బొమ్మలోంచి నన్ను తీసేసి పంపాను. ఇప్పుడు ఎక్కడా ఆలస్యం లేదు.